పెట్టిన చెయ్యి

పర్ణశాల దగ్గర,
3 నవంబరు 1987

ప్రమీలకు అన్నయ్య దీవెనలు.

అందరం క్షేమమని రాద్దామని కూర్చున్నాను గానీ, క్షేమంగా లేనివాళ్లు ఈ వారం ఇక్కడ ఇద్దరున్నారు. ఒకటి అడవిపంది, రెండోవాడు మన పాలేరు లాలు. జొన్నచేను కావలికి మంచె ఎక్కించిన లాలు హాయిగా నిద్రపోయాడు. పందులు మంద మందంతా దిగి చేను దున్నేసి పోయాయి. వాడి వీపు మీద ములుగర్ర విరిగిపోయింది, కొత్తది చెక్కించాలి. మర్నాడు నేనే బల్లెం పట్టుకుని వాగులోకి దిగాను. పెద్ద ఏకలం, మందలో కలవని ఒంటిపంది, నాకంటే బరువుంటుంది. పక్కలో పొడిస్తే బల్లెంతో సహా నా మీదికే వచ్చింది. గొడ్డలితో నుదురు పగలగొట్టేదాకా పడలేదు. నా తొడ చీలింది, దాని ప్రాణం పోయింది. లెక్క నాకే లాభం.

మాంసం ఉప్పు పసుపు పట్టించి, తునకలు కోసి, పొయ్యి మీద దండెం కట్టి పొగలో ఆరబెట్టించాను. నీ వాటా మన మిరపకాయలు కొనే చందూలాల్ లారీలో పంపిస్తున్నా. నిప్పుల మీద నల్లగా మాడేదాకా కాల్చుకో, నాన్న తిన్నట్టు.

నిన్న పున్నమ్మ వదిన నా కంచంలో తోటకూర పప్పు వడ్డించి, కడుపు చల్లబడాలంది. నేనేమన్నా మేకనా? కంచం విసిరాను. ఆమె కనుబొమ్మ మీద తగిలి నెత్తురు కారింది. పసుపు అద్దుకుని మళ్లీ తునకలు వేయించి పెట్టింది. ఆమె అలా చల్లబడాలనడానికి కారణం, నాకు దొడ్డికి వెళితే నెత్తురు పడుతోంది. మిరపచేలో ఎండకు వేడి చేసి ఉంటుంది. సాయంత్రం సారా రెండు గ్లాసులు ఎక్కువ తాగితే అదే సర్దుకుంటుంది. నాన్నకూ పడేది కదా.

మీ ఆయన్ని అడిగానని చెప్పు.

నీ అన్న,
చెంచురామయ్య


మలక్‌పేట, హైదరాబాదు,
14 నవంబరు

పందుల్ని చంపే మా అన్నయ్యకు, మనుషుల్ని బతకనివ్వమని వేడుకుంటూ చెల్లెలు ప్రమీల నమస్కారం.

తునకలు అందాయి. పిల్లలకు చిన్న ముక్కలిచ్చి పెద్దవన్నీ నేనే తిన్నాను. ఏం చెయ్యను, ఆ పొగ వాసన తగిలితే నాకు మన ఇల్లే గుర్తొస్తుంది. ఏటా నువ్వు పంపినవి అయిపోతే ఇక్కడి మార్కెట్లో మాంసం కొని నేనే ఎండబెట్టుకుంటాను. పనిమనిషిని పెట్టుకోమని మా ఆయన గోల. పెళ్లయినప్పటి నుంచి నా పొయ్యి దగ్గరికి ఇంకో చెయ్యి రానివ్వలేదు, ఇప్పుడు రానిస్తానా? అత్తగారు బతికున్న రోజుల్లోనే రానివ్వలేదు, ఆవిడ పోయేదాకా అదే చెప్పుకుని ఏడ్చింది.

నవ్వులాట అయిపోయింది. అన్నయ్యా, కంచం విసరడానికి నీకు చేతులెలా వచ్చాయి? పెద్దన్నయ్య పాము కరిచి పోయినప్పుడు, పుట్టింటికి పోతానన్న పున్నమ్మ వదినను ఆపింది నువ్వు. కాన్పులో నీ భార్య పోయాక నీకు ఇంత ముద్ద వండిపెడుతున్నది ఆవిడ. నోట్లో నాలుక లేని మనిషి. ఆవిడకు నా మొహం చూసైనా క్షమాపణ చెప్పు.

ఆ నెత్తురు సంగతి నాకు భయంగా ఉంది. నాన్న ఎలా పోయాడో నీకంటే నాకే బాగా గుర్తు. ఆయన గుడ్డలు ఉతికింది నేను. నువ్వు హైదరాబాదు రా, పెద్ద డాక్టరుకు చూపిద్దాం.

నీ మాట వినని చెల్లెలు,
ప్రమీల


పర్ణశాల దగ్గర,
2 డిసెంబరు

ప్రమీలా,

దీవెనలు తరవాత, ముందు ఇది చదువు. నాకు వేడి చెయ్యలేదు. నాకు తిండిలో మందు పెట్టారు.

పంచె నిలవడం లేదు, మొలతాడు రెండుసార్లు బిగించాను. భద్రాచలంలో సూదులు పొడిపించుకున్నా తగ్గలేదు. ఎవరో చెబితే సత్తుపల్లి అవతల మందు కక్కించేవాడి దగ్గరికి పోయాను. ఏదో పసరు తాగించి, నా పొట్ట మీద మోకాలు పెట్టి నొక్కాడు. పేగులు నోట్లోంచి వస్తాయనుకున్నా. కక్కాను. బూడిదలో వేసి పుల్లతో కదిపి చూపించాడు. నల్లటి ముద్ద, దాని చుట్టూ వెంట్రుక. నా కళ్లతో నేను చూశాను. వాడన్న మాట ఇది: "ఇంట్ల తిరిగే ఆడమనిషే. కుడిచేత్తోని పెట్టింది. చాన ఏండ్ల సంది పెడుతున్నది."

నా ఇంట్లో తిరిగే ఆడమనిషి ఎవరో నీకు చెప్పాలా? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, వీడు పట్టాడు. నేను పోతే పొలం ఎవరికి?

నాన్నకూ ఇదే జరిగింది. అమ్మ మంచాన పడ్డాక వండిపెట్టింది చిన్నమ్మే కదా, బాబాయి పెళ్లాం భారతమ్మ. ఆమె పెట్టిందని ఊరంతా తేల్చింది. మళ్లీ మంత్రం పలక్కుండా పటకారుతో పళ్లు పీకారు. నాన్నను బతికించుకోలేకపోయాం, అది వేరే మాట. అప్పటికే ఆలస్యమైంది. నేను ఆలస్యం చెయ్యను.

ఇప్పటికి వదినను ఏమీ అనలేదు. ఎదురుగా కూర్చోబెట్టుకుని, నా కంచంలోంచి మొదటి ముద్ద ఆమెతోనే తినిపిస్తున్నాను. తింటోంది. ఏడుస్తూ తింటోంది.

చెంచురామయ్య


హైదరాబాదు,
10 డిసెంబరు

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివాను. చిన్నమ్మ సంగతి నువ్వు మగవాళ్ల మధ్య నిలబడి చూశావు. నేను గాదె వెనక నిలబడి చూశాను. ఇద్దరు కాళ్ల మీద కూర్చున్నారు, ఒకడు జుట్టు పట్టుకున్నాడు. పటకారు పళ్ల మీద జారినప్పుడల్లా చప్పుడయ్యేది. బాబాయి అరుగు మీద కూర్చుని తల వంచుకున్నాడు. ఆ తరవాత ఆవిడ బతికినన్నాళ్లూ కొంగు నోటికి అడ్డం పెట్టుకునే మాట్లాడింది. నాన్న మాత్రం నెలలోపే పోయాడు. పళ్లు పీకితే రోగం ఎందుకు పోలేదని ఒక్కరైనా అడిగారా?

వదిన జోలికి పోకు. ఆవిడ ఆ ముద్ద తిని బాగానే ఉంది కదా, ఆ సంగతి నీకు తట్టలేదా? ఆదివారం మా ఆయన వస్తున్నారు, ఆయన వెంట బయల్దేరు. పట్టిన కుందేలుకు మూడే కాళ్లని కూర్చుంటే, నేనే వచ్చి నీ గుమ్మంలో పడుకుంటాను. నన్ను దాటి పోదువుగాని.

ప్రమీల


హైదరాబాదు,
8 జనవరి 1988

ప్రియమైన అన్నయ్యకు,

నువ్వు ఇక్కడ ఆస్పత్రిలో వార్డుబాయ్ చెంప పగలగొట్టి, రిజల్టు రాకుండానే మిరపకోతలని బస్సెక్కి వెళ్లిపోయావు. ఆ అబ్బాయికి చెవి వినపడటం లేదు, నేనే వెళ్లి కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. ఇప్పుడు రిజల్టు వచ్చింది. గొట్టం వేసి తీసిన ముక్కను పరీక్ష చేశారు. పెద్దపేగులో చాలా ఏళ్లుగా వాపు, పుళ్లు ఉన్నాయట. అన్నీ ఉత్తరంలో రాయలేను, నువ్వు వచ్చాక ఎదురుగా చెబుతాను. ఆలస్యం మాత్రం చెయ్యకూడదు.

ఒక్కటి రాస్తాను, ఇవాళ్టి నుంచే పాటించు. డాక్టరుగారు నీ రోగానికి మూలం మీ వంటింట్లో ఉందన్నారు. ఇన్నేళ్లుగా నీ కంచంలో పడుతున్న తిండే నీ పేగును లోపలి నుంచి తినేస్తోందట. ఆ తిండి ఇక ముట్టుకోకు. ఈ ఉత్తరం వదినకు కూడా చూపించు. ఆవిడకు అర్థమవుతుంది.

భయపడకు. ధైర్యంగా ఉండు. ఉత్తరం అందగానే బయల్దేరు.

నీ ప్రమీల


పర్ణశాల దగ్గర,
17 జనవరి

చెల్లీ, నువ్వు నూరేళ్లు చల్లగా ఉండాలి.

వదినకు చూపించమన్నావు. చూపించాను. ఆమెకు చదువు రాదు కాబట్టి పదిమందినీ పిలిచి కల్లంలో నిలబడి, గొంతెత్తి నేనే చదివాను. మూలం వంటింట్లో ఉందని పట్నం డాక్టరే అన్నాడు. కక్కించేవాడి మాట నమ్మనివాళ్లు కూడా డాక్టరు మాటకు నోరు మూశారు. లాలు ఒక్కడు అడ్డం వచ్చాడు. వాడికి దవడ మీద ఒక్కటిచ్చాను.

జుట్టు పట్టి వంటింట్లోంచి ఈడ్చుకొచ్చాను. ఏం కలిపావో చెప్పమన్నాను. అదే మాట, మొదటి నుంచీ అదే మాట: "నేనేం కలపలే మరిదీ. నీ నోరు అడిగిందే నా చెయ్యి పెట్టింది." మిరపకాయలు రాశి పోసి పొగ పెట్టాను. దగ్గి దగ్గి నురగ కక్కింది గానీ మాట మార్చలేదు. పళ్లు పీకుదామని ఒకడు పటకారు తెచ్చాడు. వద్దన్నాను. నాన్న విషయంలో చేసిన తప్పు అదే. పెట్టింది నోరు కాదు, చెయ్యి. పెట్టిన చెయ్యి విరగ్గొట్టాలి.

బండరాయి మీద ఆమె కుడిచెయ్యి చాపించి, కారం దంచే రోకలితో దంచాను. మణికట్టు దగ్గర ఒకసారి, వేళ్ల మీద ఒకసారి. రెండోసారికి ఆమెకు తెలివి తప్పింది. ఆమె తమ్ముడు వచ్చి బండిలో వేసుకుని తల్లాడకు తీసుకుపోయాడు. పోలీసులన్నాడు. రమ్మన్నాను.

నువ్వు చెప్పబట్టే ధైర్యం వచ్చింది. ఇంక నాకేమీ కాదు. హైదరాబాదు రావలసిన పని కూడా లేదు.

చెంచురామయ్య


హైదరాబాదు,
22 జనవరి

చెంచురామయ్యకు,

అన్నయ్యా అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

నీ ఉత్తరం అందింది. నీకు క్యాన్సరు. ఆ మాట రాస్తే భయపడతావని దాచాను. దాచి, తిండి తిండి అని రాశాను. నీ చేతికి రోకలి నేనే ఇచ్చినట్టయింది. ఇంక ఏమీ దాచను, కూర్చుని చదువు.

మీ ఇంట్లో ఏం తింటారని డాక్టరు అడిగారు. నేను గొప్పగా చెప్పాను. మా అన్నయ్యకు రోజూ మాంసం ఉండాలి, ఉప్పులో ఊరి పొగలో ఎండిన తునకలుండాలి, అవి నిప్పుల మీద నల్లగా మాడాలి, పైన సారా ఉండాలి, ఆకుకూర మాత్రం బీదవాళ్ల తిండని కంచం విసిరేస్తాడు అన్నాను. ఆయన నవ్వలేదు. అలాంటి తిండి ఏళ్ల తరబడి తింటే పెద్దపేగు లోపలి పొర రేగుతుందట. పుండు మానకుండా మళ్లీ మళ్లీ రేగితే, కొందరిలో అది క్యాన్సరుకు తిరుగుతుందట. పీచు ఉన్న జొన్నలు, పప్పులు, ఆకుకూరలు కడుపును కాస్తాయట. తిండి ఒక్కటే కారణమని తేల్చి చెప్పలేమన్నారు. ఒకే ఇంట్లో తండ్రి నుంచి పిల్లలకు దిగే గుణం కూడా ఉంటుందట. నాన్న సంగతి చెబితే, ఆయనకూ ఇదే రోగం అయి ఉంటుందన్నారు.

విన్నావా? నాన్నకు ఎవరూ ఏమీ పెట్టలేదు. చిన్నమ్మ పళ్లు ఊరికే పోయాయి. కక్కించేవాడు బూడిదలో చూపించిన వెంట్రుక వాడి గోళ్లలోంచి వచ్చింది. వదిన కలిపింది ఏదైనా ఉంటే ఆ తోటకూర పప్పే, దాన్నీ నువ్వు తిననివ్వలేదు.

ఆపరేషను చేస్తే బతకొచ్చంటున్నారు. వెంటనే రావాలి. వచ్చే దారిలో తల్లాడలో దిగి ఆమె కాళ్ల మీద పడు.

ప్రమీల


పర్ణశాల దగ్గర,
5 ఫిబ్రవరి

ప్రమీలకు,

నిన్ను ఎత్తుకుని పెంచిన చేతులతో రాస్తున్నాను, నువ్వు నా పేరు పెట్టి పిలిచినా సరే. తల్లాడవాళ్లు నీ దగ్గరికి వచ్చి ఏడ్చి ఉంటారు. ఆడవాళ్లు ఆడవాళ్లు ఒకటి. మూలం వంటింట్లో ఉందన్న ఉత్తరంలో నిజం రాశావు, ఆ తరవాతది వాళ్లు రాయించారు.

నిజం ఏదో నా ఒంటిని అడుగు. ఆమె పోయిన దగ్గర్నుంచి నాకు వండేవాళ్లు లేరు. చేలో కూలికి వచ్చే ముత్తక్క తనకు కాచుకునే జొన్న అంబలే నాకూ ఇంత పోస్తోంది, ఏవో అడవి ఆకులు ఉడకేసి పెడుతోంది. అడిగినా మాంసం వండటం రాదంటుంది. సారా తాగుదామంటే వాంతికి వస్తోంది. ఆ గడ్డే తింటున్నాను. ఏమైందో తెలుసా? నెత్తురు తగ్గింది. కడుపులో మంట తగ్గింది. చెయ్యి మారగానే రోగం దిగింది. ఇంతకంటే రుజువు నీ డాక్టరు చూపిస్తాడా?

పూర్తిగా పోలేదు, అదీ నిజమే. అప్పుడప్పుడు కడుపులో కత్తి తిప్పినట్టుంటుంది. తల్లాడలో కూర్చుని ఎడమచేత్తో ఏదో చేస్తూనే ఉంది. కక్కించేవాడినీ అడిగాను, అవునన్నాడు. మిరప లారీకెత్తించి, శివరాత్రి వెళ్లగానే తల్లాడ పోతున్నాను. ఈసారి చెయ్యితో ఆగను. పందిని నుదుటి మీద కొట్టేదాకా అది పడలేదు, రాశాను కదా. గొడ్డలి సాన పెట్టించాను.

నువ్వు అడ్డం రాకు. నాకంటూ నువ్వు ఒక్కదానివే మిగిలావు.

నీ అన్నే


హైదరాబాదు,
12 ఫిబ్రవరి

అన్నయ్యా,

శివరాత్రి లోపల ఇది నీకు అందాలని మా ఆయన చేతికే ఇచ్చి పంపుతున్నాను. ఆయన్ని కొట్టకుండా చదువు.

తల్లాడ పోవద్దు. వదిన అక్కడ లేదు, నా దగ్గర ఉంది. నేనే పోయి తెచ్చుకున్నాను. నాలుగు వేళ్లు ఇంక మడత పడవట. కేసు పెడదామన్నాను, వద్దంది. "ఆయనకు రోగం తిరిగిందమ్మా, రోగం మీద కేసు పెడతరా" అంది. నాకైతే జాలి లేదు, కోపమే ఉంది. నీ ఆపరేషను అయి నువ్వు లేచి నడిచాక, కేసు నేనే పెడతాను. ముందు నువ్వు బతకాలి.

అంబలి తాగితే తగ్గిందని రాశావు. సంతోషం. చెయ్యి మారినందుకు కాదు, కంచం మారినందుకు మంట తగ్గింది. కానీ లోపలున్న గడ్డ అంబలికి కరగదు, కోసి తియ్యాల్సిందే. కత్తి తిప్పుతున్నది అదే. వదిన ఎడమచెయ్యి కాదు. ఆ చేత్తో ఆవిడ ఇప్పుడు గ్లాసు పట్టుకోవడం నేర్చుకుంటోంది.

నా మాట నమ్మవని తెలుసు. డాక్టరు మాటా నమ్మవు. కాబట్టి ఇది విను. తండ్రికీ అన్నకూ ఉంది గనక నువ్వూ పరీక్ష చేయించుకో అని డాక్టరుగారు ఆ రోజే అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను. నాకు కూడా ఏడాదిగా నెత్తురు పడుతోంది, సిగ్గుపడి మా ఆయనకు కూడా చెప్పలేదు. నీ ఐదో తారీకు ఉత్తరం వచ్చిన రోజే వెళ్లి గొట్టం వేయించుకున్నాను. ఇవాళ రిజల్టు వచ్చింది.

నాకూ అదే, అన్నయ్యా. అదే పేగు, అదే పుండు, అదే క్యాన్సరు. నీ అంత ముదరలేదు. సోమవారం కోస్తారు.

నువ్వు పంపిన తునకలు పిల్లలకు చిన్న ముక్కలిచ్చి పెద్దవన్నీ నేనే తిన్నదాన్ని. నీలాగే మాడ్చుకుని, నాన్నలాగే మాడ్చుకుని తిన్నదాన్ని. పున్నమ్మ వదిన నా వంటింట్లో ఏనాడూ అడుగు పెట్టలేదు, మొన్నే మొదటిసారి వచ్చింది. పనిమనిషిని రానివ్వలేదు, అత్తగారినీ రానివ్వలేదు. నాకు పెళ్లయినప్పటి నుంచి నా అన్నం నేనే వండుకున్నాను, నా కంచంలో నేనే పెట్టుకున్నాను. మరి నాకు ఎవరు పెట్టారో చెప్పు. కక్కించేవాడిని అడిగి చెప్పు.

సోమవారానికి రా. గొడ్డలి తెచ్చుకున్నా సరే, రా. పెట్టిన చెయ్యి విరగ్గొట్టాలన్నావు కదా. నాకు పెట్టిన చెయ్యి ఇదే, ఈ ఉత్తరం రాస్తున్నది. బల్ల మీద చాపి పెడతాను.

నీ చెల్లెలు,
ప్రమీల